అప్‌డేట్: విజయనగరంలో మా వీధి డెంగీ కేసులు, ఆరోగ్య సిబ్బంది చేసిన పని

మా వీధిలో ఇద్దరికి డెంగీ అని తేలిందని, ఫాగింగ్ (దోమల మందు పొగ) కోసం ఎవరిని అడగాలని ఇక్కడ ప్రశ్నించాను. మీరు సూచించినట్టే వార్డు సచివాలయంలో ఫిర్యాదు ఇవ్వగా, ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త, మలేరియా విభాగం సిబ్బంది కలిసి వచ్చారు.

పొగ యంత్రం కంటే ముందు వారు టార్చిలైటు తీశారు. పొగ ఎగిరే దోమలనే చంపుతుందని, నీటిలోని లార్వా (దోమ పిల్ల పురుగు) అలాగే ఉంటుందని చెబుతూ, పెరట్లోని గాబులు, కూలర్లు, చివరకు ఫ్రిజ్ వెనుక పళ్లెం కూడా వెతికారు. మా పక్కింటి గాబులోని నీటిని తెల్లని గిన్నెలోకి తీసి చూపినప్పుడు, సన్నని పురుగులు మెలికలు తిరుగుతూ అడుగుకు దిగడం అందరం చూశాం. ఆ దృశ్యం వంద కరపత్రాల పని చేసిందని నా నమ్మకం. పారబోయడానికి వీలులేని నీటిలో లార్వాను చంపే టెమిఫాస్ మందు కలిపారు. డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ దోమ గుడ్లు తొట్టి గోడకు అంటుకుని, తడి లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి కనుక, వారానికొకసారి నీరు వంపి గోడలను పీచుతో గట్టిగా తోమాలని ఏఎన్‌ఎం ప్రత్యేకంగా చెప్పారు.

డెంగీ పరీక్ష గురించి అడిగినవారికి: నిమిషాల్లో ఫలితం చూపే కార్డు టెస్టును నిర్ధారణగా లెక్కించరు. జ్వరం మొదలైన 5 రోజుల్లోపు ఎన్‌ఎస్‌1 ఎలీసా (రక్తంలో వైరస్ ప్రొటీన్‌ను వెతికే ల్యాబ్ పరీక్ష), ఆ తర్వాత ఐజీఎం ఎలీసా (వైరస్‌పై శరీరం తయారుచేసిన యాంటీబాడీలను వెతికేది) చేయిస్తారు.

జ్వరపడిన ఇద్దరూ కోలుకున్నారు. ఖాళీ స్థలంలోని పాత టైర్లను మాత్రం ఇంకా తొలగించలేదు. వాటిపై మళ్లీ ఫిర్యాదు పెట్టాను.