కిరాయి ఇంట్ల లైటు కింద చపాట మిర్చి: మొదటిసారికి ఏం కొనాలె, ఏం వద్దు?

నయీంనగర్_పోర్షన్ (ప్రశ్న)

హన్మకొండల రెండో అంతస్తు పోర్షన్, పైన స్లాబే. బాల్కనీ ఉత్తరం దిక్కు, ఎండ ముఖం చూడది. డాబా మీద కుండీలు పెట్టనియ్యరు, నీళ్లు కారి స్లాబు నానుతదని ఓనర్ భయం. లోపల 8 × 10 అడుగుల రూము ఒకటి ఖాళీగ ఉంది. అండ్ల నాలుగు చపాట మిర్చి (మన వరంగల్ దిక్కు పండే గుండ్రటి ఎర్ర మిర్చి) చెట్లు లైటు కింద పెంచాలని ఉంది.

ఆన్‌లైన్‌ల చూసిన కిట్టు: 60 × 60 సెం.మీ. కొలత, 150 సెం.మీ. ఎత్తు టెంటు (లోపల లైటు కట్టి చెట్లు పెంచే గుడ్డ డేరా), 100 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ బోర్డు, 4 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను, కార్బన్ ఫిల్టరు. దానికి తోడు 12 లీటర్ల గ్రో బ్యాగులు నాలుగు.

తెల్వాల్సినవి: లైటు సరిపోతదా, రోజుకు ఎన్ని గంటలు ఎయ్యాలె? ఇప్పుడు నెలకు 150 యూనిట్ల దాంక కాలుతున్నయి, ఇది పెడితే గృహజ్యోతి (నెలకు 200 యూనిట్ల దాంక ఫ్రీ కరెంటు) పోతదా? ఏ నెలల విత్తాలె? ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సుల కోత పడకుండ గోడలు, బండలు ఎట్ల కాపాడుకోవాలె?

మిర్చి_కల్లం

ముందుగాల చెట్ల సంఖ్య తగ్గించుకోండి. 60 × 60 జాగల రెండు చెట్లే. నాలుగు పెడితే రెండో నెలకే ఆకుల మీద ఆకులు పడి, లోపల గాలి ఆడక పూత రాలుతది. రెండు చెట్లకు మంచిగ వెలుగు తాకితే, నాలుగు ఇరుకు చెట్ల కంటె ఎక్కువ కాయ కాస్తయి.

లైటు లెక్క ఇట్లుంటది. కాయ కాసే మిర్చికి రోజుకు చదరపు మీటరుకు 20 మోల్స్ (మొక్కకు అందే వెలుగును లెక్కించే కొలత) వెలుగన్న పడాలె. ఆకుల ఎత్తుల సెకనుకు 400 మైక్రోమోల్స్ (మోలుల పదిలక్షల వంతు) ఉన్న లైటు 14 గంటలు ఎలిగితే సరిగ్గ అంత వస్తది. మీ టెంటు 0.36 చదరపు మీటర్లే గాబట్టి మంచి బోర్డు అయితే 70, 80 వాట్లల్లనే పని అయిపోతది. 100 వాట్లు చాలు. కాని డబ్బా మీద ‘1000 వాట్లు’ అని రాసి నిజంగ 100 గుంజేటివి చాన ఉన్నయి. గోడ నుంచి ఎంత గుంజుతదో ఆ అంకె చూసే కొనండి. మొలకలకు రెండు అడుగుల ఎత్తుల, 40 శాతం వెలుగు. నాటినంక అడుగున్నర. పూతకు వచ్చినంక అడుగు దాంక దించొచ్చు.

మిర్చికి పూత రావడానికి రాత్రి పొడుగుతో పని లేదు. 12 గంటలు చీకటి పెట్టాలె అని వీడియోలల్ల చెప్పేది వేరే మొక్కకు. అట్లని 24 గంటలు ఎలిగించొద్దు, కొన్ని వారాలకే ఆకులు పాలిపోయి వంకర్లు పోతయి.

వేళ: మే నెలల ఊసే వద్దు. పైన స్లాబు ఉన్న రూముల ఎండకాలం రాత్రి కూడ వేడి తగ్గది, దానికి లైటు వేడి తోడు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి 25 కిందికి దిగకపోతే పుప్పొడి చెడి పూత రాలుతది, ఎన్ని మందులు కొట్టినా నిలువది. ఆగస్టు ఆఖర్ల గింజలు పెట్టండి. 7 నుంచి 12 రోజులల్ల మొలుస్తయి. ఐదారు వారాలకు, ఆరెనిమిది ఆకులు ఉన్నప్పుడు పెద్ద బ్యాగుల్లకు మార్చండి. సంక్రాంతి అటిటుగ ఎర్రబడుడు మొదలైతది, మార్చి నడుమల సామాను సర్దుకోవచ్చు. లైటు సాయంత్రం 6 నుంచి పొద్దున 8 దాంక పెట్టండి. డిసెంబరు చలిల రాత్రి వెచ్చగ ఉంటది, ఫిబ్రవరి పగటి వేడిల లైటు బంద్ ఉంటది.

గింజ సంగతి: చపాట పాత దేశవాళీ రకం, హైబ్రిడ్ కాదు. రైతులు గింజ దాచుకుంటరు, మళ్ల అదే కాయ వస్తది. 2025ల జీఐ ట్యాగు (ఫలానా ప్రాంతపు సరుకని సర్కారు ఇచ్చే గుర్తింపు) వచ్చినంక ఆ పేరు మీద ఏదివడితే అది అమ్ముతున్నరు. టమాట లెక్క గుండ్రంగ, ముద్దగ ఉన్న పండు మిర్చి తెలిసిన రైతు దగ్గర ఒక్కటి దొరికినా 50 గింజలకు తక్కువ ఉండయి. కారానికి కాదు ఇది, రంగుకు, పచ్చడికి.

ఫేజు_న్యూట్రల్

కరెంటు సంగతి నేను చెప్తా.

100 వాట్లు × 14 గంటలు = రోజుకు 1.4 యూనిట్లు, నెలకు 42. మీ 150కి కలిపితే 192. ఇంతవరకు ఫర్వాలేదు. ఆ కిట్టులోని 4 అంగుళాల ఫ్యాను 30 వాట్లు అనుకుందాం, 24 గంటలూ తిరిగితే నెలకు ఇంకో 21 పైచిలుకు. మొత్తం 213. 200 దాటిన నెల పైనున్న 13 యూనిట్లకే కాదు, మొత్తానికీ బిల్లు పడుతుంది. మొదటి 200 యూనిట్లు రూ. 5.10 చొప్పున 1,020, మిగతా 13కి రూ. 7.70 చొప్పున 100. అంటే రూ. 1,120, ఫిక్స్‌డ్ చార్జీలు అదనం. 13 యూనిట్ల కోసం ఇంత కట్టడం ఎందుకు?

ఆ ఫ్యాను అసలు అక్కర్లేదు. మీ టెంటు లోపల గాలి అంతా కలిపి 0.54 ఘనపు మీటర్లు. నిమిషానికోసారి మార్చాలన్నా గంటకు 33 ఘనపు మీటర్లు చాలు. కంప్యూటర్ క్యాబినెట్లో ఉండే 120 మి.మీ. ఫ్యాన్లు రెండు, ఒక 12 వోల్టుల అడాప్టర్ తీసుకోండి. ఒకటి కింద లోపలికి, ఒకటి పైన బయటికి. రెండూ కలిపి 5, 6 వాట్లు, నెలకు 4 యూనిట్లు. 196 దగ్గర ఆగుతారు. మొలకల నెలలో లైటు 40 శాతమే కాబట్టి ఇంకా తక్కువే. చలికాలం సీలింగ్ ఫ్యాన్లు బందయ్యాక దిగులే ఉండదు.

కార్బన్ ఫిల్టరు కూడా వద్దు. ఈ కిట్లు గంజాయి పెంపకం చట్టబద్ధమైన దేశాల వాళ్ల కోసం తయారైనవి, ఫిల్టరు ఆ వాసన ఆపడానికి. మిర్చికి ఆపాల్సిన వాసనేముంది? మన దగ్గర ఎన్డీపీఎస్ (మత్తుమందుల నిరోధక) చట్టం, 1985 కింద అనుమతి లేకుండా గంజాయి మొక్క ఒక్కటి పెంచినా నేరమే. అందుకే ఊదారంగు లైటు కాకుండా తెల్లది తీసుకోమంటాను. అర్ధరాత్రి కిటికీలోంచి ఊదా వెలుగు కనిపిస్తే పక్కింటివాళ్లకు లేనిపోని అనుమానం. ఓనర్‌ని పిలిచి మొక్కలు చూపించేస్తే సరి.

టైమర్ కొనేటప్పుడు గుండ్రంగా తిరిగే మెకానికల్ రకం తీసుకోకండి. కరెంటు పోయినంతసేపూ అది ఆగిపోతుంది. రోజుకు అరగంట పోయినా పది రోజుల్లో మీ 6 గంటల లైటు 11కి వెలుగుతుంది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ మేలు. లైటును ఇన్వర్టర్ మీద పెట్టక్కర్లేదు, రెండు గంటలు చీకటైతే మొక్కకేమీ కాదు.

ఎక్స్‌టెన్షన్ బోర్డు నేల మీద పెట్టకండి, నీళ్లు మొదట చేరేది దానికే. టెంటు పైగొట్టానికి కట్టండి. వైరు సాకెట్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కేలా ఉంటే, దాని వెంట జారిన నీళ్లు ఆ వంపులోనే రాలిపోతాయి. పాత ఇళ్లలో మూడో పిన్నుకు ఎర్త్ ఉందో లేదో ముందు చెక్ చేయించండి. మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపే స్విచ్చు) లేకపోతే దాని గురించి ఓనర్‌తో మాట్లాడండి. అది మొక్కల కోసం కాదు, మీ కోసం.

కింది_ముడత

పైవాళ్లు మట్టి, నీళ్లు, పురుగు వదిలేశారు. మొదటి పంట పోయేది ఎక్కువగా వీటి దగ్గరే.

చేలోని నల్లరేగడి బ్యాగులోకి తేవద్దు, గట్టిపడి వేరుకు గాలి అందదు. కడిగిన కొబ్బరి పొట్టు ఆరు పాళ్లు, వర్మీకంపోస్టు మూడు, పెర్లైట్ (తేలికైన తెల్ల రాతి గుళికలు) ఒకటి. 5 కిలోల కొబ్బరి పొట్టు దిమ్మ నానితే 70 లీటర్ల దాకా అవుతుంది, మీ రెండు బ్యాగులకు పావు దిమ్మ చాలు. వర్మీకంపోస్టుతో చిన్న నల్ల దోమలు రావడం ఖాయం. పైన రెండు అంగుళాలు ఆరాకే నీళ్లు పోయండి, పసుపు జిగురు అట్ట ఒకటి పెట్టండి, వాటంతట అవే తగ్గుతాయి.

నీళ్లు: బోరువి కాకుండా మున్సిపల్ నల్లావి వాడండి. బోరు నీళ్లే దిక్కయితే టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పులు) మీటరుతో చూడండి. 300 లోపు మంచిది, 700 దాటితే బ్యాగులో ఉప్పు పేరుకుని ఆకు అంచులు మాడతాయి. ఎరువు మొదట్లో లీటరుకు 1 గ్రాము 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్నది), వారానికి రెండుసార్లు. మొగ్గ కనపడగానే 13:0:45కి (పొటాష్ ఎక్కువ ఉన్నది) మారండి, లేకపోతే ఆకే ఆకు, కాయ ఉండదు. నడుమ నడుమ కాల్షియం నైట్రేట్ లీటరుకు అర గ్రాము, విడిగా. 19:19:19తో ఒకే బకెట్లో కలిపితే కాల్షియం, భాస్వరం కలిసి సున్నంలా అడుగున కూర్చుంటాయి, రెండూ దండగే. కాయ కొన నల్లబడి కుళ్లితే కాల్షియం పైకి అందలేదని అర్థం, కారణం మాత్రం చాలాసార్లు ఒకరోజు ఎండగట్టి ఒకరోజు ముంచేయడమే.

టెంట్లో కొమ్మను ఊపేంత గాలీ తేనెటీగా ఉండవు కాబట్టి, లైటు వెలిగిన రెండు మూడు గంటలకు పూత ఉన్న కొమ్మను వేలితో నాలుగుసార్లు తట్టండి.

ఇక ముడత. ఆకు అంచులు పైకి లేచి పడవలా అయితే పై ముడత. అది తామర పురుగు, ఆకు వెనక వెండి గీతలు కనపడతాయి. అంచులు కిందికి తిరిగి, తొడిమ పొడుగు సాగి, ఆకు సన్నబడితే కింది ముడత. అది తెల్లనల్లి. లైటు మరీ దగ్గరైనా పైకే ముడుచుకుంటుంది, కానీ పైన నాలుగాకులే, మచ్చ ఉండదు, లైటు ఎత్తితే కొత్త ఆకు బాగా వస్తుంది. ఇది తెలియక లైటు దెబ్బకు మందు కొట్టేవాళ్లు బోలెడు. ఆకులు చిన్నబోయి, ఈనెలు పసుపుబారి చెట్టు గిడసబారితే జెమినీ వైరస్. దానికి మందు లేదు, పీకేయడమే.

తామర పురుగుకు నీలం అట్టలు, లీటరుకు 5 మి.లీ. వేపనూనె, చుక్క సబ్బునీళ్లు, లైటు ఆర్పాక. నల్లికి నీళ్లలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. ఈ రెంటికీ నడుమ రెండు వారాలన్నా ఎడం ఉండాలి, లేకపోతే ఆకు మాడుతుంది. చేలో కొట్టే పురుగుమందులు ఇంట్లోకి తేవద్దు, ఆ గాలి పీల్చేది మీరే. నర్సరీ నారు కూడా తేవద్దు, 2021-22లో మిర్చిని తుడిచిపెట్టిన నల్ల తామర పురుగులాంటివి నారుతోనే ఇంట్లోకి రావచ్చు.

నయీంనగర్_పోర్షన్

అందరికీ థ్యాంక్స్ అన్నా. కిట్టు క్యాన్సిల్. టెంటు, బోర్డు, రెండు కంప్యూటర్ ఫ్యాన్లు, డిజిటల్ టైమర్, రెండు బ్యాగులు. గోడ సంగతి ఎవ్వరు చెప్పలే?

మిర్చి_కల్లం

గోడకు అరడుగు ఎడం ఉంచి పెట్టండి. పెద్దగైన రెండు చెట్లు రోజుకు లీటరు, లీటరున్నర నీళ్లు తాగుతయి, అదంత ఆవిరై రూముల్నే తిరుగుతది. కిటికీ మూసి ఉంటే నెల రోజులల్ల సున్నం పొంగి బూజు పడతది. పై ఫ్యాను కిటికీ దిక్కు తిప్పి, రెక్క జానెడన్న తెరిచి ఉంచండి. బ్యాగుల కింద ప్లాస్టిక్ ట్రే, ట్రే కింద రెండు ఇటుకలు. కొబ్బరి పొట్టు నీళ్లు ఎర్రగ కారుతయి, షాబాదు బండ మీద ఆ మరక పోదు.

టెంటు పైసలు కూడ ఎక్కువనిపిస్తే ఇనుప స్లాటెడ్ యాంగిల్ ర్యాకు తెచ్చి మూడు దిక్కుల పాత ఫ్లెక్సీ కట్టండి, తెల్లగున్న వెనక వైపు లోపలికి. వెలుగు బానే మళ్లుతది, ముందు తెరిచే ఉంటది గాబట్టి వేడి నిలువది.

ఫేజు_న్యూట్రల్

ఆ ఫ్లెక్సీ మాత్రం లైటు డ్రైవర్‌కు (ఎల్‌ఈడీకి సరిపడా కరెంటు ఇచ్చే డబ్బా) తగలకుండా జానెడు దూరం ఉంచండి. డ్రైవర్ విడిగా వచ్చే బోర్డు అయితే దాన్ని ర్యాకు బయటే బిగించండి, లోపల వేడి అంత తగ్గుతుంది.