చావు తరువాత ప్రేమ: ‘రిస్ట్‌కట్టర్స్’ మీద చర్చ

పెన్నాతీరం, నెల్లూరు:
గోరన్ డుకిచ్ తీసిన ‘రిస్ట్‌కట్టర్స్: ఎ లవ్ స్టోరీ’ (2006) ఇన్నాళ్లకు చూశాను. తమ ప్రాణం తామే తీసుకున్నవాళ్లు చేరే ఆ లోకంలో ఆకాశాన చుక్కలుండవు, ఎవరికీ నవ్వు రాదు. అక్కడ పిజ్జా దుకాణంలో పనిచేసే జియా, తన ప్రియురాలు కూడా ఆ లోకానికే వచ్చిందని విని ఆమెను వెతుక్కుంటూ బయలుదేరతాడు. ఇలాంటి సినిమా తెలుగులో ఎందుకు రాలేదు? దీనికి మూలమైన, ఇజ్రాయెల్ రచయిత ఎట్గార్ కెరెట్ రాసిన కథను ఎవరైనా చదివారా?

ఒంగోలు సినీ అభిమాని:
రాలేదని ఎలా అంటారండీ? ‘యమగోల’ 1977లోనే వచ్చింది. సత్యనారాయణ గారి యముడిని, అల్లు రామలింగయ్య గారి చిత్రగుప్తుడిని మించినవారు ఇంకా పుట్టలేదు. తరువాత ‘యముడికి మొగుడు’ (1988), ‘యమలీల’ (1994) వచ్చాయి. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు మాట్లాడకండి.

కావలి పాఠకురాలు:
వాటిలో కథానాయకుడు యముడిని ముప్పుతిప్పలు పెడతాడు, మనం నవ్వుతాం. చనిపోవాలనుకున్నవాడి బాధ వాటిలో ఎక్కడుంది? మా పెదనాన్న గారి అబ్బాయి అప్పుల బాధ తట్టుకోలేక ప్రాణం తీసుకున్నాడు. అందుకే ఈ సినిమాను మొదట్లోనే ఆపేద్దామనుకున్నాను. కానీ తాను పొరపాటున అక్కడికి వచ్చిపడ్డానని, అధికారులెవరో చూపిస్తే వెనక్కి పంపమని అడుగుతానని పట్టుబట్టే మైకల్ అనే అమ్మాయి వచ్చాక ఆపలేకపోయాను. జియా వాళ్లు వెళ్లే కారులో డ్రైవర్ పక్క సీటు కింద ఒక చీకటి గొయ్యి ఉంటుంది, అందులో పడినదేదీ తిరిగి దొరకదు. ఆ చీకటి ఏమిటో మా ఇంట్లో వాళ్లకు ఎవరూ వివరించనక్కరలేదు.

అద్దంకి తెలుగు ఉపాధ్యాయుడు:
ఉద్యోగకాలమంతా భారతం పాఠం చెప్పినవాడిని కనుక అధికారంతోనే చెబుతున్నాను. పాము కాటుకు చనిపోయిన తన కాబోయే భార్య ప్రమద్వరకు రురుడు తన ఆయుష్షులో సగం ధారపోసిన కథ నన్నయ గారి ఆదిపర్వంలో ఉంది. యముడి వెంట నడిచి భర్త ప్రాణం తెచ్చుకున్న సావిత్రిని అరణ్యపర్వంలో మా ఎర్రన తీర్చిదిద్దాడు. ఇంతకంటే ఏం కావాలి?

మూలాపేట, నెల్లూరు:
సావిత్రి దారిలోనే వెనక్కి తిరిగింది, పరలోకంలో అడుగుపెట్టలేదు. పరలోకంలో ప్రేమ అంటే మా తిక్కన స్వర్గారోహణపర్వం. తనవాళ్లు నరకంలో ఉన్నారని తెలిసి, తానూ అక్కడే ఉంటానన్న ధర్మరాజును మరిచిపోయారా?

అద్దంకి తెలుగు ఉపాధ్యాయుడు:
అది తమ్ముళ్ల మీది ప్రేమ. చర్చ స్త్రీపురుషుల ప్రేమ గురించి. ముందు మూలం చదివి రండి.

మూలాపేట, నెల్లూరు:
ఆ నరకంలో వినిపించిన గొంతుల్లో ద్రౌపదిది కూడా ఉంది కదా మాస్టారూ! మూలం చదవనిదెవరో తేలిపోయింది. ఊరి అభిమానంతో పద్యాలను పంచుకోకండి.

కావలి పాఠకురాలు:
మాస్టారూ, మీరిద్దరూ పెద్దవారు, కాస్త శాంతించండి. సావిత్రి, రురుడు బతికి ఉండి పోరాడారు. ఇక్కడ పోరాడుతున్నవాళ్లు చనిపోయినవాళ్లు. ఆ తేడా వల్లే ఈ కథ నాకు కొత్తగా తోచింది.

ఒంగోలు సినీ అభిమాని:
అంతా బాగానే ఉంది గానీ, చివర జియా, మైకల్ ఇద్దరూ ఆసుపత్రి మంచాల మీద కళ్లు తెరవడం బలవంతపు శుభం కార్డు.

కావలి పాఠకురాలు:
బలవంతం ఎక్కడుందండీ? మొదటినుంచీ అన్నింటినీ మింగుతూ వచ్చిన ఆ గొయ్యిలోకే జియా తానుగా దిగాడు. దర్శకుడు దారిని ముందే చూపించి పెట్టాడు. సినిమా పొడుగునా ఎవరికీ దక్కని నవ్వును ఆఖరున వాళ్లిద్దరికీ ఇచ్చాడు. అది కూడా దక్కకపోతే ఆ అమ్మాయి వెనక్కి పంపమని అన్ని ఊళ్లు తిరిగి ఎందుకు అడిగినట్టు?