150 మంది పెండ్లి: ఇంటికాడ వండించుడా, ప్లేటు లెక్కన అప్పజెప్పుడా?

పందిరిగుంజ:
హన్మకొండకు దగ్గర ఊరు. వైశాఖంల లగ్గం, పొద్దుగాల 10:40కి ముహూర్తం. ఫంక్షన్ హాలు లేదు, ఇంటి ముందటనే పందిరి. రెండు దిక్కుల కలిపి 150 మంది. బగారా, మటన్, తెల్లన్నం, పప్పుచారు, పెరుగు. ఇంకా మూడు వారాలుంది. వంటాయనను మాట్లాడి సామాను మనమే తెచ్చుకుందామని ఇంట్ల సగం మంది, ప్లేటు లెక్కన క్యాటరింగోళ్లకు ఇద్దామని సగం మంది. లెక్కతోని చెప్పుండ్రి. "మీ ఇష్టం" అని మాత్రం రాయకుండ్రి.

గంజుకింద_నిప్పు:
150కి క్యాటరింగ్ దండుగ. లెక్క రాసుకో తమ్మీ.

బియ్యం మనిషికి 140 గ్రాములు, అంటే 21 కిలోలు. అండ్ల 14 బగారాకు, 7 తెల్లన్నానికి. పాత బియ్యమే తేవాలె, కనీసం ఆరు నెలలయి ఉండాలె. యాసంగి వడ్లు ఇప్పుడే మరపట్టించినయి అగ్గువకు దొరుకుతయని తెస్తే బగారా ముద్దయితది, ఎంత మంచి వంటాయన అయినా ఆపలేడు. పాత బియ్యానికి కొలతకు కొలతన్నర పైన కొంచెం నీళ్లు, కొత్తయి అయితే కొలతకు కొలతుంబావు దాటొద్దు.

14 కిలోల బగారా ఒక్క గంజుల ఎయ్యకుండ్రి. పది కిలోలు దాటితే అడుగు మెత్తపడి పైన పలుకుంటది. ఏడు ఏడు రెండు గంజులు. పది కిలోల బియ్యానికి నూనె కిలో, ఉల్లిగడ్డ కిలో, అల్లంవెల్లిగడ్డ 400 గ్రాములు, పచ్చిమిర్చి పావుకిలో, షాజీరా 50, చెక్క 50, లవంగాలు 25, యాలకులు 25, ఉప్పు పావుకిలో, పుదీన ఐదారు కట్టలు. దీన్నిబట్టి మీ 14కి పెంచుకోండ్రి.

మటన్ 24 కిలోలు. కిలోకు 27 ముక్కల లెక్కన కొట్టిస్తే 650 దాకా వస్తయి, మనిషికి నాలుగు ముక్కలు పడ్డా చేతిల 50 మిగుల్తయి. యాటలు కొంటే నిలువు బరువుల సగం కంటె తక్కువే కూర మాంసం వస్తది. 25 కిలోల యాటకు 11, 12 కిలోలు. అంటే రెండు యాటలు. తలకాయలు, కాళ్లు, బోటి వేరె, అవి పొద్దుగాల పనోళ్లకు, ఇంటోళ్లకు.

ప్లేటులెక్క:
అన్నా, మీ కొలతల్లో తప్పు లేదు. మీరు లెక్కలో వేయనివి చెప్తాను. గంజులు, కడాయిలు, జల్లెళ్లు, బకెట్లు, గ్లాసులు టెంటు సామానోళ్ల దగ్గర కిరాయి. రెండు క్వింటాళ్ల ఎండు తుమ్మకట్టె, లేదంటే 19 కిలోల కమర్షియల్ సిలిండర్లు రెండు, ఇంట్ల వాడే 14.2 కిలోల సిలిండర్ భట్టీకి పెట్టకూడదు. తాగే నీళ్లకు 20 లీటర్ల క్యాన్లు, వైశాఖం ఎండకు మనిషికి లీటరున్నర వేసుకుంటే 11, 12. గంజులు కడుగుడుకు వేరుగా ట్యాంకరు. కూరగాయలు కోసేవాళ్లు ఇద్దరు, వడ్డనకు ఆరుగురు, ఇస్తార్లు ఎత్తేవాళ్లు ఇద్దరు. ఇదంతా కలిపి చూడండి, ప్లేటు ధరకు మీ లెక్కకు మీరనుకున్నంత తేడా ఉండదు.

ఖర్చు అట్లుంచండి. ఆ వారం ఇంట్లో ఎవరి చేతులు ఖాళీగా ఉంటయి? పసుపు దంచుడు, పోచమ్మకు బోనం, ఐరేని కుండలు తెచ్చుడు, మైలపోలు. తెల్లారితే ఎదురుకోళ్లు. పెండ్లిపిల్ల తల్లి పొయ్యికాడ నిలబడి "ఉప్పు యాడుంది" అన్నోళ్లకు జవాబు చెప్పాలా?

గంజుకింద_నిప్పు:
ఉప్పు యాడుందో ముందురోజు రాత్రే ఒక్క మనిషికి అప్పజెప్పాలె. తాళంచెవి ఆమె కొంగుకు. వంటశాల సామాను ఇచ్చేది ఒక్కరే కావాలె, ఇద్దరైతే నూనె డబ్బా మాయమైతది. ఆ మనిషి పెండ్లిపిల్ల తల్లి కావొద్దు, మేనత్తనో పెద్దమ్మనో కావాలె. ఇది క్యాటరింగుతోని తీరే సమస్య కాదు, మనిషిని పెట్టుకుంటే తీరుతది.

వడ్డనోడు:
ఇద్దరూ వంటకాడనే ఆగిపోయిండ్రు. ఏ పెండ్లిల అయినా మటన్ తక్కువపడేది వడ్డనకాడ.

బంతి కూర్చోబెడితే ముక్క లెక్క వడ్డించేటోని గంటెల ఉంటది. మొదటి తిరుగుడుకు మూడు ముక్కలు, మారు అడిగినోళ్లకు ఒకటి. బఫే పెడితే మొదటి 60 మంది ఆరేడు ముక్కలు ఏసుకుంటరు, ఆఖరి 40 మందికి పులుసు మిగుల్తది. బఫే అయితే 24 కిలోలు సరిపోవు, ఇంకో ఐదారు కిలోలు పెంచాలె. అది క్యాటరింగోడు వండినా అంతే, ఇంటికాడ వండినా అంతే.

50 మంది చొప్పున మూడు బంతులు. ఆరుగురు వడ్డిస్తే ఒక్కో బంతికి అర్ధగంట. 12 గంటలకు మొదలుపెడితే ఒంటిగంటన్నరకు అయిపోతది. బగారా ఒకలు, మటన్ ఒకలు, తెల్లన్నం పప్పుచారు ఒకలు, పెరుగు ఒకలు, నీళ్లు ఒకలు, మారుకు తిరిగేటోడు ఒకలు. మటన్ బకెట్ పట్టేటోడు మాత్రం చుట్టాల పిలగాడు కావొద్దు. మేనమామ ముందటికి రాంగనె చెయ్యి జారుతది.

పెరుగుకుండ:
పందిరిగుంజ గారూ, ముందు ఆ 150 ఎట్లా వచ్చిందో చెప్పండి. బొట్టు పెట్టి చెప్పేటప్పుడు "ఇంటికొక్కరు" అన్నారా, "ఇంటిల్లిపాదీ రావాలె" అన్నారా? 40 ఇండ్లకు ఇంటిల్లిపాదీ అని చెప్పి ఇంటికి ఇద్దరి చొప్పున లెక్క వేసుకుంటే, ఇంటికి ఒక్కరు ఎక్కువ వచ్చినా దావత్ నాడు ఆ 150 కాస్తా 190 అవుతుంది.

ఇంకొకటి, ఆ రోజు ఏ వారం? శనివారమో, గురువారమో, సోమవారమో అయితే వారం ఉండేవాళ్లు నీచు ముట్టరు. అప్పుడు మటన్ నాలుగు కిలోలు తగ్గించి, ఆలుగడ్డ టమాటనో గుత్తివంకాయనో ఆరేడు కిలోల కూర వేరే పొయ్యి మీద, వేరే గంటెతో చేయించాలి. ఆ గంటె మటన్‌ల కలవకుంటే చాలు, మాట రాదు.

పెరుగు 150కి 15 లీటర్లు. ఈ ఎండల్లో ముందురోజు సాయంత్రం తోడేస్తే మధ్యాహ్నానికి పుల్లగా అయిపోతుంది. రాత్రి ఒంటిగంట దాటినంక గోరువెచ్చటి పాలకు తక్కువ తోడు, మట్టి కుండల్లో. తెల్లారి తోడుకున్నంక కుండల చుట్టూ తడిగోనె. ఇది క్యాటరింగు మనిషి చేయడు, ప్యాకెట్ పెరుగు తెచ్చి నీళ్లు కలుపుతాడు.

పందిరిగుంజ:
బుధవారమక్కా. చెప్పింది ఇంటిల్లిపాదికే.

పెరుగుకుండ:
అయితే 180కి వండించండి.

మీసేవ_పక్కన:
ముచ్చట పక్కదారి అయితది గానీ ఒక్క మాట. చిన్న పెండ్లి అని కార్డులు కొట్టియ్యకుండ ఉండకుండ్రి. కల్యాణలక్ష్మి (ఆడపిల్ల పెండ్లికి సర్కారు ఇచ్చే పైసలు) పెట్టుకునేది ఉంటే పెండ్లి కార్డు, పెండ్లి ఫొటో అడుగుతరు. 2014 అక్టోబర్ 2న 51,000తోని మొదలైన పథకం, తర్వాత 1,00,116 అయింది, చెక్కు పిల్ల తల్లి పేరు మీద వస్తది. కార్డుల, ఆధార్ల, బ్యాంకు పుస్తకంల పేరు ఒక్క తీరుగనే ఉండాలె. కార్డుల ముద్దుపేరు వేయించి తర్వాత తిరుగుడు అస్సలు వద్దు. 50 కార్డులు చాలు.

గంజుకింద_నిప్పు:
మంచి మాటే. ఇగ మటన్‌కు వస్త.

పది కిలోలకు నూనె కిలో, ఉల్లిగడ్డ రెండు కిలోలు, అల్లంవెల్లిగడ్డ అరకిలో, ధనియాల పొడి 200, ఎండుకొబ్బరి 300, గసగసాలు 100, పసుపు 50. కారం ప్యాకెట్ల కారం వద్దు. ఎనుమాముల మార్కెట్ ఉన్న ఊరోళ్లం, మిర్చి కొని పట్టిచ్చుకోవాలె. ఒక్క తేజ మిర్చే వేస్తే మంట తప్ప రంగు రాదు. ఒక్క చపాటా వేస్తే ఎర్రగ కనబడ్తది, నోట్ల ఏమీ ఉండదు. చపాటా అంటే మన టమాట మిర్చే, 2025ల భౌగోళిక గుర్తింపు వచ్చింది గదా. పది కిలోల మటన్‌కు చపాటా పావుకిలో, తేజ వంద గ్రాములు. గంజుల నూనె పైకి తేలంగనె ఎర్రగ మెరుస్తది, తిన్నోడు నీళ్లకు ఉరకడు.

టైము: యాటలు ఐదింటికి కోయాలె, ఎనిమిదికి మటన్ పొయ్యి మీదికి. ముదురు యాట అయితే రెండు గంటలు దాటుతది, అందుకే పండ్లు చూసి కొనాలె. పాలపండ్లు పడి రెండు పెద్ద పండ్లు వచ్చింది మంచిది. మటన్ ఉడికినంక నిప్పుల మీద ఉంచాలె, మంట మీద కాదు. మొదటి బగారా 10:45కు, తలంబ్రాలు పోస్తాంటె ఎసరు మరగాలె. రెండోది 11:45కు. రెండూ ఒక్కసారే దింపితే మూడో బంతికి చల్లబడ్తది.

బగారా దమ్ పెట్టేముందు ఒక మెతుకు బొటనవేలు చూపుడువేలు నడుమ ఒత్తి చూడాలె. మూడు తునకలయి నడుమ తెల్లచుక్క కనబడితే మంట గుంజేసి, మూత మీద నిప్పులేసి ఇరవై నిమిషాలు వదిలెయ్యాలె. చుక్క పోయేదాక ఆగినవంటే మెత్తబడినట్టే.

ప్లేటులెక్క:
మటన్ మీద మీతో వాదన లేదు. క్యాటరింగులో ఇరవై ఐదు మందికి వండిన రుచి మూడు వందలకు రాదు, ఒప్పుకుంటా. కానీ రెండు విషయాలు.

ఒకటి, పొయ్యి ఎక్కడ? పచ్చని పందిరికి వేసిన కొమ్మలు పెండ్లినాటికి మూడో రోజు, ఆకంతా ఎండి గలగలలాడుతుంటది. మధ్యాహ్నం వడగాలికి ఒక నిప్పురవ్వ చాలు. పొయ్యి పందిరికి 30 అడుగుల దూరంలో, గాలి పందిరి మీదికి పోని దిక్కులో. రెండు డ్రమ్ముల నీళ్లు పక్కన. ఇంటి ముందర అంత జాగ లేకుంటే గ్యాసే పెట్టండి, కట్టె రుచి మర్చిపోండి.

రెండు, ప్లేటు లెక్కన ఇస్తే మోసపోయేది ఒప్పందంలోనే. "కనీసం ఇన్ని ప్లేట్లు" అని రాయించుకుంటారు. 150 అని ఒప్పుకుని 120 మందే వచ్చినా 150కి కట్టాలి. దాన్ని 130కి రాయించి, పైన వచ్చినవాళ్లకు అదే ధర అని ముందే మాట్లాడుకోండి. ఇస్తార్ల కట్టలు విప్పేముందు లెక్కపెట్టి ఇద్దరూ సంతకం పెట్టాలి, అయిపోయినంక మిగిలినయి తీసేయాలి. పిలగాళ్ల ప్లేటు సగమా, పూర్తా అన్నది కూడా ముందే.

వడ్డనోడు:
నా మాట: వంటాయనకు కూలి, సామాను మీది, వడ్డనకు మాత్రం బయట నుంచి ఆరుగురు. చిన్న పెండ్లికి ఇదే పడ్తది. వడ్డనోళ్లకు ఇచ్చే కూలి మీకు బఫేల పోయే మటన్ కంటె తక్కువే.

గంజుకింద_నిప్పు:
వడ్డన బయటోళ్లకు ఇచ్చుడు నాకు నచ్చదు. అయినోళ్లు వడ్డిస్తేనే పెండ్లి లెక్కుంటది. కానీ 180 అంటున్నరు గదా, మటన్ బకెట్ల వరకు ఒప్పుకుంట. మిగిలినయి ఇంటోళ్లే.

ప్లేటులెక్క:
180కి అయితే మీ 24 కిలోలు 29 కావాలి. బియ్యం 25. యాట ఇంకోటి కొనకండి, ఐదు కిలోలు మటన్ కొట్టు నుంచి తెప్పించండి, అదే పొద్దున కొట్టింది కావాలి, ఐసుది కాదు.

పందిరిగుంజ:
వంటాయననే మాట్లాడుతున్నం. పందిరి వెనుక దొడ్లె 40 అడుగుల జాగ ఉన్నది, కట్టె పొయ్యే. మటన్‌కు ఇద్దరు బయటోళ్లు. మిగిలిన అన్నం సంగతి ఎవరూ చెప్పలే.

పెరుగుకుండ:
బగారా మూడు గంటలకల్లా పంచేయండి, డబ్బాలు ముందే తెచ్చిపెట్టుకోండి. గంజులో మూతపెట్టి రాత్రిదాకా ఉంచితే పైకి వాసన రాకున్నా కడుపు పాడుచేస్తది. పప్పుచారు సాయంత్రానికే పులిసిపోతుంది, పారబోయండి. పెరుగు ఎవరింటికి పంపినా ఆ కుండలు వాపసు రావు, అనుకునే ఇయ్యండి.

వడ్డనోడు:
కుండలు పోతే పోనియ్యి అక్కా. టెంటు సామాను వాపసిచ్చేటప్పుడు గంజుల మూతలు లెక్కపెట్టుకోండ్రి. గంజు పోదు, మూతనే పోతది, దానికి గంజు ధర కట్టిస్తరు.