పని వెనకబడితే కూలీలను పెంచడమే మార్గమా?

పెన్నా గట్టు (కావలి): మా ఊరి కల్యాణ మండపం పని నెలన్నర వెనకబడింది. ఇంకో ముప్పై మందిని దించి కార్తీకమాసం పెళ్లిళ్లకు అప్పగిస్తానని కాంట్రాక్టరు అంటున్నాడు. కమిటీ పెద్దలు తలలూపారు. నాకు నమ్మకం కుదరడం లేదు. మీరేమంటారు?

చీమకుర్తి వాసి: దించనివ్వండి. వెలిగొండ సాగునీటి ప్రాజెక్టు రెండో సొరంగంలో బోరింగ్ యంత్రం మొరాయిస్తే మనుషులతోనే తవ్వించారు కదా. 2024 జనవరిలో పూర్తయింది. మనుషులుంటే కొండ కూడా తొలుస్తారు.

సైటు లెక్కలు (ఒంగోలు): ఆ ఉదాహరణ మీకే ఎదురు తిరుగుతుంది. అక్కడ పని ఆగింది యంత్రం దగ్గర, అందుకే మనుషులు పనికొచ్చారు. మండపంలో ఎక్కడ ఆగిందో ఎవరైనా చూశారా? నా అనుమానం సెంట్రింగ్ మీద, అంటే పోసిన కాంక్రీటు గట్టిపడేదాకా కింద మోసే రేకులు, కర్రల మీద. ఆధారాల మధ్య దూరం నాలుగున్నర మీటర్లు దాటిన స్లాబుకు కింది ఊతకర్రలు కనీసం 14 రోజులు కదపకూడదని కాంక్రీటు పనులకు మన దేశంలో పాటించే ఐఎస్ 456 ప్రమాణం చెబుతోంది. పెళ్లి హాలు అంతకన్నా చిన్నగా ఉండదు. రేకులు, సరుగుడు కర్రలు ఒకే సెట్టు ఉంటే మూడు వందల మంది వచ్చినా పైఅంతస్తు మొదలుకాదు.

కోడు రాసేవాడు (గూడూరు): సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే గోల. ఆలస్యమైన పనికి మనుషులను చేరిస్తే ఇంకా ఆలస్యమవుతుందని అమెరికా కంప్యూటర్ నిపుణుడు ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు. కొత్తవాళ్లకు నేర్పడానికే పాతవాళ్ల సమయం పోతుంది.

చీమకుర్తి వాసి: ఇటుక పేర్చే మేస్త్రికి మీరేం నేర్పుతారండీ? స్లాబు ఆరేలోపు కింద గోడలు, ప్లాస్టరింగ్ కానివ్వవచ్చు. కాంట్రాక్టరు లెక్క అదే కావచ్చు.

పెన్నా గట్టు: ఇప్పుడే వెళ్లి చూసి వచ్చాను. కింది హాలంతా సరుగుడు కర్రలే, మనిషి పక్కకు తిరిగి దూరాలి. గోడ కట్టే చోటే లేదు. సెట్టు ఒక్కటే. కడ్డీలు వంచే బల్లా ఒక్కటే, దాని చుట్టూ ఇప్పటికే నలుగురు ఊరికే నిలబడి ఉన్నారు.

సైటు లెక్కలు: అయితే ముప్పై మంది కూలి డబ్బుతో రెండో సెట్టు అద్దెకు తెమ్మనండి. తేడు. గుంపుగా కూలీలు కనబడితే కమిటీకి పని జరుగుతున్నట్టే ఉంటుంది, అద్దె రేకులను ఎవరు మెచ్చుకుంటారు? ఒకటి మాత్రం గట్టిగా చెప్పండి: ఆఖరి స్లాబు అక్టోబరు దాటకూడదు. నవంబరులో మన తీరాన కాంక్రీటు పోయడమంటే వాయుగుండంతో పందెం కాయడమే.

చీమకుర్తి వాసి: రెండో సెట్టుకు ఒప్పుకుంటాను. అద్దెలో సగం కమిటీ భరించాలంటాడు, చూడండి.

పెన్నా గట్టు: అనేశాడు. ఆదివారం సమావేశం.