మోషన్‌కి వెళ్లాలంటేనే భయంగా ఉంది, ఇది పైల్సా, ఫిషరా?

పటమట_కుర్రాడు: అందరికీ నమస్కారం. విజయవాడలో రోజంతా బండి మీద తిరిగే సేల్స్ ఉద్యోగం నాది. కొన్నాళ్లుగా మోషన్‌కి వెళ్తే గాజుముక్కతో కోసినట్టు నొప్పి, ఆ తర్వాత గంటల తరబడి బండి సీటు మీద కూర్చోలేకపోతున్నాను, ఎర్రటి రక్తం కూడా పడుతోంది. మెడికల్ షాపులో అడిగితే పైల్స్ ఆయింట్‌మెంట్ ఇచ్చారు, తగ్గలేదు. ఇంట్లో చెప్పాలంటే మొహమాటం. ఎవరికైనా ఇలా అయిందా?

గుంటూరు_పద్మ: తమ్ముడూ, కాన్పు తర్వాత నేనూ ఇదే పడ్డాను. నువ్వు చెప్పేది ఫిషర్ లాగానే ఉంది. పైల్స్‌లో రక్తం పడుతుంది గానీ మామూలుగా ఇంత కోత ఉండదు. ఫిషర్ అంటే మలద్వారం దగ్గర పొర చిరగడం, ఎక్కువమందికి వెనకవైపు మధ్యలోనే. గట్టి మోషన్‌కి చిరుగుతుంది, ఆ నొప్పికి లోపలి కండరం బిగుసుకుంటుంది, బిగుసుకుంటే అక్కడికి రక్తం సరిగ్గా అందదు, ఇక పుండు మానదు. మనమేమో భయపడి ఆపుకుంటాం, ఆపుకున్నకొద్దీ ఇంకా గట్టిపడుతుంది.

సత్యనారాయణపురం_మాస్టారు: బాబూ, గోడల మీద "కోత లేకుండా ఒక్క ఇంజెక్షన్‌తో గ్యారంటీ" అని రాసినచోటికి మాత్రం వెళ్లకు. మా బంధువుల్లో ఒకాయనకి అలాగే ఏదో పొడిచి, పుండు పెద్దది చేసి పంపారు, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. జనరల్ సర్జన్‌కి చూపించు. డబ్బు ఇబ్బందైతే ప్రభుత్వాసుపత్రిలో సర్జరీ ఓపీ ఉంటుంది, సిగ్గుపడకు. నా వయసువాళ్లకి ఇంకో మాట, రక్తం పడితే ఫిషరే అని మనమే తేల్చుకోకూడదు, పేగు పరీక్ష అవసరమా అని డాక్టర్ని అడగాలి.

పటమట_కుర్రాడు: థాంక్సండీ. అక్కా, మీకు ఏం వాడారు? కారం పూర్తిగా మానేయాలా?

గుంటూరు_పద్మ: గట్టి మోషనే అసలు కారణం తమ్ముడూ, కారం మంట పెంచుతుంది. ఆవకాయ, మిర్చి బజ్జీ కొన్నాళ్లు పక్కన పెట్టు. అంతకన్నా ముఖ్యం నీళ్లు, ఈ ఎండల్లో తిరుగుతూ నీళ్లు తాగకపోతే ఏ మందూ పనిచేయదు. తోటకూర, బెండకాయ, జామకాయ, జొన్నరొట్టె తిను. రాత్రి ఇసబ్‌గోల్ పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగేయాలి, ఆగితే జిగురు కట్టేస్తుంది, పైన ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. మోషన్ అయ్యాక వెడల్పాటి బేసిన్‌లో గోరువెచ్చని నీళ్లు పోసుకుని 10–15 నిమిషాలు కూర్చో, బిగుసుకున్న కండరం వదులవుతుంది, నాకు ఊపిరి పీల్చుకునే టైము అదొక్కటే. ఆ కండరాన్ని వదులు చేసే డిల్టియాజెమ్ 2% ఆయింట్‌మెంట్ డాక్టర్ రాసిచ్చారు. పుండు మానకముందే నొప్పి తగ్గిపోతుంది, అక్కడే చాలామంది ఆపేస్తారు, మళ్లీ చిరుగుతుంది. మామూలుగా 6–8 వారాలు వాడాలి.

మంగళగిరి_నేత: నాది ముదిరిపోయింది, పక్కన చిన్న తోలుముక్క కూడా పెరిగింది. మందులతో మానకపోతే ఎల్‌ఐఎస్ (లేటరల్ ఇంటర్నల్ స్ఫింక్టరాటమీ) అనే ఆపరేషన్ చేశారు, లోపలి కండరాన్ని కొద్దిగా కోసి బిగుతు తీస్తారు. 90 శాతానికి పైగా మందికి మానుతుందట, నాకూ మానింది. కానీ కొద్దిమందికి తర్వాత గ్యాస్, మోషన్ ఆపుకోవడం కష్టమవుతుంది, అందుకే ముందు మందులే చూస్తారు. కాన్పులైన ఆడవాళ్లు ఆ సంగతి సర్జన్‌కి తప్పకుండా చెప్పాలి.

పటమట_కుర్రాడు: డాక్టర్ వేలు పెట్టి చూస్తారేమోనని టెన్షన్‌గా ఉంది అన్నా.

మంగళగిరి_నేత: నొప్పి ఎక్కువని ముందే చెప్పు తమ్ముడూ. చాలాసార్లు చర్మం కొంచెం పక్కకి తీసి చూస్తేనే చిరుగు కనిపిస్తుంది, నాకూ మొదటిసారి అంతే చూశారు. జ్వరం, వాపు, చీము లాంటివి ఉంటే మాత్రం ఇవాళే వెళ్లు, అది చీముగడ్డ కావచ్చు, ఆయింట్‌మెంట్‌తో పోదు.