ట్రక్ క్యాంపర్ నీళ్ళ ట్యాంకు: ఇంటి దగ్గరే నింపాలా, అక్కడికెళ్ళాక నింపాలా?

డాలస్ బాబాయి:
అందరికీ నమస్కారం. ఈ ఏడాది సెకండ్ హ్యాండ్‌లో ట్రక్ క్యాంపర్ ఒకటి కొన్నాను. ముప్పావు టన్ను తరగతి డీజిల్ పికప్ ట్రక్కు వెనక పెట్టుకునే చిన్న ఇల్లు లాంటిది. మంచినీళ్ళ ట్యాంకు 30 గాలన్లు. థాంక్స్‌గివింగ్‌కి నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు టెక్సస్‌లోనే ఉన్న బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి వెళ్తున్నాం. మా ఆవిడేమో ఇంటి కుళాయి నీళ్ళే నింపుకుందాం, తెలిసిన నీళ్ళు కదా అంటుంది. క్యాంపర్ అమ్మినాయన మాత్రం నీళ్ళు మోసుకుంటూ హైవే ఎక్కొద్దని మరీ మరీ చెప్పాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి?

రెంచిరాజు:
అమ్మినాయన మాటే వినండి. గాలన్ నీళ్ళు 8.34 పౌండ్లు. 30 గాలన్లంటే 250 పౌండ్లు, అంటే ఇంకో పెద్దమనిషిని ఎక్కించుకున్నట్టే. డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభానికి ఓ స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను, క్యాంపర్ అన్నీ కలిపి ఎంత మొయ్యొచ్చో అందులో రాసి ఉంటుంది. డీజిల్ ఇంజన్ బరువు ఎక్కువ కాబట్టి, అదే మోడల్ పెట్రోల్ బండి కన్నా మీ అంకె తక్కువే ఉంటుంది. డాలస్ నుంచి దాదాపు పది గంటల దారి. చేరాక కొనో, ఊరికేనో దొరికే నీళ్ళని అంత దూరం మోయడం దేనికి?

ఎడారిపిట్ట:
రాజు గారూ, "చేరాక దొరుకుతాయి" అన్న మాట దగ్గరే నాకు పేచీ. నేను అరిజోనాలో ఉంటాను, ఆరేళ్ళుగా క్యాంపర్‌లో తిరుగుతున్నాను. ఒకసారి జనవరిలో, రాత్రి తొమ్మిదింటికి, ఓ చిన్న ఊరి క్యాంప్‌గ్రౌండ్‌కి చేరాం. కుళాయికి సంచి చుట్టి, "చలికాలం నీళ్ళు బంద్" అని అట్టముక్క వేలాడదీసి ఉంది. ఆ రాత్రి టాయిలెట్‌లో పొయ్యడానికి కూలర్‌లో కరిగిన ఐసు నీళ్ళే గతి.

బాబాయ్ గారూ, బిగ్ బెండ్‌లో పెద్ద క్యాంప్‌గ్రౌండ్లలో అయితే నీళ్ళుంటాయి. మట్టిరోడ్ల పక్కనుండే ప్రిమిటివ్ సైట్లు, అంటే సదుపాయాలు లేని చోట్లు బుక్ చేసుకుంటే మాత్రం చుక్క దొరకదు. మనిషికి రోజుకి కనీసం ఒక గాలన్ తెచ్చుకోమని పార్కువాళ్ళే చెప్తారు. అది తాగడానికి మాత్రమే, గిన్నెలు తోమడానికి కాదు.

ఇంకోటి. నింపితే నిండా నింపండి, లేదంటే ఖాళీగా వెళ్ళండి. సగం ట్యాంకుతో మలుపు తిరిగితే నీళ్ళు ఓ పక్కకి వాలిపోతాయి.

ప్లానో అక్క:
గిన్నెలన్నారు కాబట్టి చెప్తున్నా. అమెరికా వాళ్ళ వీడియోల్లో 30 గాలన్లతో వారం గడిపామంటారు. వాళ్ళు తినేది శాండ్‌విచ్. మనం పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పన్నం. కుక్కర్ అడుగున అంటుకున్న పప్పు వదలాలంటేనే అర గాలన్ పోతుంది. మేం నలుగురం, రెండో రోజు సాయంత్రానికల్లా పంపు గుర్రుమంటుంది, గాలి లాగుతుందన్నమాట. ఇప్పుడు గిన్నెల్ని ముందు పేపర్ టవల్‌తో తుడిచేసి, తర్వాత తొలుపుతున్నాం. తాగడానికి, వంటకి విడిగా 5 గాలన్ల క్యాన్లు. ట్యాంకు నీళ్ళు నోట్లో పోసుకోవడం నావల్ల కాదు.

పెన్న ఒడ్డు:
అక్కా, ట్యాంకుని అసహ్యించుకోవక్కర్లేదు, కడుక్కుంటే చాలు. మోసుకెళ్ళాలా వద్దా అని ఇంత చర్చ జరుగుతోంది గానీ, అందులో ఉన్నవి ఎప్పటి నీళ్ళని ఒక్కరూ అడగలేదు.

నా అనుభవం చెప్తా. వేసవిలో ఒక ట్రిప్పు అయ్యాక మిగిలిన నీళ్ళు వదిలెయ్యకుండా ఆరు వారాలు అలాగే ఉంచేశాను. తర్వాత కుళాయి తిప్పితే చెరువు వాసన. పంపు ముందు చిన్న జల్లెడ గిన్నె ఉంటుంది, పారదర్శకంగా, గుప్పెడంత. అది విప్పి వేలు పెట్టి చూస్తే లోపలంతా జారుతోంది. నెల్లూరులో మా మేడ మీద సిమెంటు ట్యాంకులో చిన్నప్పుడు కాలు పెడితే సర్రున జారేది చూడండి, అదే పాచి. అక్కడ నాన్న బ్లీచింగ్ పౌడర్ చల్లి చీపురుతో రుద్దించేవారు. ఇక్కడ మనిషి దూరే సందు లేదు, బ్లీచ్ ఒక్కటే దారి.

15 గాలన్లకి పావు కప్పు లెక్క. మీ ట్యాంకుకి అర కప్పు, వేడినీళ్ళ హీటర్‌లో పట్టే ఆరు గాలన్లకి ఇంకాస్త. వాసన కలిపిన బ్లీచ్, చిందకుండా చిక్కగా చేసిన బ్లీచ్ వద్దు, మామూలుదే కొనండి. ముందు బకెట్ నీళ్ళలో కలిపి పొయ్యండి. తర్వాత ట్యాంకు పూర్తిగా నింపి, వేడి, చల్ల రెండు కుళాయిలూ బ్లీచ్ వాసన వచ్చేదాకా వదలండి. షవర్ మర్చిపోకండి. వీధి చుట్టూ ఓ రౌండు కొడితే ట్యాంకు పైకప్పు కూడా తడుస్తుంది. నాలుగు గంటలు ఆగి అంతా వదిలేసి, వాసన పోయేదాకా మంచినీళ్ళు నింపి వదలడమే. నాకు మూడుసార్లు పట్టింది.

వేడినీళ్ళ కుళాయిలో మాత్రమే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంటే తప్పు ట్యాంకుది కాకపోవచ్చు. స్టీలు ట్యాంకు హీటర్లలో ట్యాంకు తుప్పు పట్టకుండా మెగ్నీషియం ఆనోడ్ కడ్డీ ఉంటుంది. నీళ్ళలోని ఒక రకం బాక్టీరియా దానితో కలిసి ఆ కంపు పుట్టిస్తుంది.

కొత్త క్యాంపరోడు:
ఇంత శ్రమ ఎందుకు సార్? నేను హోస్‌కి నీలం కార్బన్ ఫిల్టర్ తగిలించి నింపుతాను. శుభ్రమైన నీళ్ళు వెళ్తాయి, రెండు నెలలైనా ఏం కాదు.

పెన్న ఒడ్డు:
అయ్యో తమ్ముడూ, అది రివర్సు. ఊరి నీళ్ళలో ఉండే క్లోరినే కదా ట్యాంకులో పాచి పట్టకుండా ఆపేది. కార్బన్ ఫిల్టర్ దాన్నే పీల్చేస్తుంది. నువ్వు కాపలావాణ్ణి గేటు దగ్గరే పంపించేసి ఇల్లు తాళం లేకుండా వదిలేస్తున్నావు. నింపేటప్పుడు మట్టి, తుప్పు ఆపే సెడిమెంట్ ఫిల్టర్ పెట్టు. కార్బన్‌ది తాగే కుళాయి దగ్గర పెట్టు.

రెంచిరాజు:
ఈ ఒక్క విషయంలో నేనూ పెన్న ఒడ్డు పార్టీయే. ఇంకో మాట కూడా కలుపుతా. క్యాంపర్ మురుగు వదిలే డంప్ స్టేషన్‌లో మురుగు గొట్టాలు కడిగే కుళాయి వేరే ఉంటుంది, "తాగడానికి కాదు" అని రాసి ఉంటుంది. మంచినీళ్ళు పట్టే తెల్ల హోస్‌ని దానికి తగిలించిన వాళ్ళని కళ్ళారా చూశాను.

డాలస్ బాబాయి:
మీ అందరి మాటలు విన్నాక నిన్న ట్యాంకు నిండా నింపి, అందరినీ ఎక్కించి, ట్రక్ స్టాప్‌లో బండ్లు తూచే క్యాట్ స్కేల్ మీదికి ఎక్కించాను. ముందు ఇరుసు 4,460. వెనక ఇరుసు 6,080. మొత్తం 10,540 పౌండ్లు. బండి పరిమితి 10,000. వెనక ఇరుసు పరిమితి 6,200 కాబట్టి అక్కడ బతికిపోయాం.

రెంచిరాజు:
చెప్పానా?

ఎడారిపిట్ట:
ఏం చెప్పారండీ? నీళ్ళు తీసేసినా 10,290. ఇంకా 290 ఎక్కువే. తప్పంతా నీళ్ళ మీదికి తోస్తారేంటి? బాబాయ్ గారూ, క్యాంపర్ కొన్నప్పుడు బ్రోషర్‌లో ఖాళీ బరువు చూసి కొన్నారు కదూ? క్యాంపర్‌కి అంటించిన లేబుల్ చూడండి, ఇన్ని గాలన్ల నీళ్ళతో, గ్యాస్‌తో ఎంత తూగుతుందో అక్కడ ఉంటుంది. నీళ్ళ కన్నా ముందు జనరేటర్ దించండి.

డాలస్ బాబాయి:
నిజమే, బ్రోషరే చూశాను. సరే, జనరేటర్, ఇనప పెనాలు, మడత కుర్చీలు కలిపి 150 దించాను. మా బావమరిది కుటుంబం కూడా వ్యాన్‌లో వస్తోంది. మా ఆవిడ, పిల్లలు అందులో ఎక్కితే 340 తగ్గుతుంది. అంటే నిండు ట్యాంకుతో 10,050. పది గాలన్లు తగ్గిస్తే 9,967. కుక్కర్ కూడా దించుదామన్నాను గానీ, ఆ మాట ఇంట్లో మళ్ళీ ఎత్తే ధైర్యం లేదు.

ఇప్పుడు టెన్షన్ ఏంటంటే, 20 గాలన్లు పోసినట్టు ఎలా తెలుస్తుంది? మా గేజీ లైట్లు ఖాళీ ట్యాంకుకి కూడా మూడింట రెండొంతులు చూపిస్తున్నాయి.

రెంచిరాజు:
ఆ లైట్లని నమ్మకండి. 5 గాలన్ల బకెట్ పెట్టి, అదే హోస్‌తో ఎన్ని సెకన్లకి నిండుతుందో ఫోన్‌లో చూడండి. దానికి నాలుగింతలు. కుళాయి మరీ ఎక్కువ తిప్పితే గాలి ఎదురుతన్ని నీళ్ళు బయటికి చిమ్ముతాయి, లెక్క తప్పుతుంది. సన్నగా పోనివ్వండి. ఎడారిపిట్ట గారు సగం ట్యాంకు వద్దంటారు గానీ, 30 గాలన్ల ట్యాంకులో 20 గాలన్లకి బండి ఊగిపోయేదేం లేదు.

ఎడారిపిట్ట:
ఊగదు లెండి, ఒప్పుకుంటున్నా. మిగతా పది అక్కడి కుళాయి దగ్గర క్యాన్లలో పట్టి వ్యాన్‌లో వేసుకోమనండి.

డాలస్ బాబాయి:
బకెట్ పెట్టి చూశాను. 70 సెకన్లు.