ఉత్తర సర్కారులలో రాబర్ట్ క్లైవ్ పాత్ర ఎంత?

ప్రశ్న:
పాఠ్యపుస్తకాలలో క్లైవ్ ప్రస్తావన ఆర్కాటు, ప్లాసీలతో ముగుస్తుంది. అయితే 1758లో కల్నల్ ఫోర్డ్‌ను మన తీరానికి, అంటే ఉత్తర సర్కారులకు (నేటి కోస్తా ఆంధ్ర ప్రాంతానికి), పంపినది అతడేనని చదివాను. బెంగాల్‌లో కంపెనీ ఇంకా నిలదొక్కుకోకముందే, తన కౌన్సిల్ సభ్యులు వద్దంటున్నా, సైన్యాన్ని ఇంత దూరం ఎందుకు పంపాడు? దయచేసి తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం:
సర్కారుల శిస్తు మీదనే ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం బతికింది. ఇక్కడి ఫ్రెంచివారి అధిపతి లాలీ ఆ బుస్సీని దక్షిణానికి పిలిపించుకోవడంతో ఇక్కడ ఫ్రెంచి బలం పలచబడింది. అదే అదనుగా విజయనగరం రాజు ఆనంద గజపతి విశాఖపట్నాన్ని పట్టుకొని కంపెనీ సాయం కోరాడు. మద్రాసు వారు వెనుకాడగా క్లైవ్ ఒప్పుకున్నాడు. ఫ్రెంచివారి రాబడికి గండికొడితే లాలీ కూడా బలహీనపడతాడన్నది అతని లెక్క. అయితే పోరాట ఘనత ఫోర్డ్‌దే. చందుర్తిలో గెలిచాక, రాజు ఇస్తానన్న సొమ్ము సకాలంలో అందక, జీతాల కోసం సైనికులు ఎదురుతిరిగి, హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ సేన దగ్గరపడుతున్న వేళ, 1759 ఏప్రిల్ 7 రాత్రి మచిలీపట్నం కోటపై దాడికి తెగించినవాడు అతడే.

రెండవ సమాధానం:
పై వివరణతో ఏకీభవిస్తాను. నా దృష్టిలో క్లైవ్‌ను కత్తికన్నా కాగితంలోనే వెతకాలి. 1744లో మద్రాసుకు అతడు వచ్చినది గుమాస్తాగానే కదా. ప్లాసీకి ముందు, కుట్రలో భాగస్థుడైన కలకత్తా వ్యాపారి ఉమీచంద్‌ను మోసగించడానికి తెల్ల కాగితం మీద అసలు ఒప్పందం, ఎర్ర కాగితం మీద నకిలీది రాయించాడు. నకిలీదానిపై అడ్మిరల్ వాట్సన్ సంతకం చేయనంటే, ఆ సంతకాన్ని వేరొకరి చేత పెట్టించాడు. తరువాత పార్లమెంటు విచారణలో దీనికి ఏమాత్రం సిగ్గుపడలేదు. 1765 ఆగస్టు 12న మొగలు చక్రవర్తి షా ఆలం నుంచి బెంగాల్ దివానీ (శిస్తు వసూలు హక్కు) పొందినప్పుడే ఉత్తర సర్కారులకూ ఫర్మానా (రాజాజ్ఞ) సంపాదించాడు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మరి నిజాం సమ్మతి లేకుండా ఆ ఫర్మానా చెల్లిందా?

రెండవ సమాధానమిచ్చినవారు:
చెల్లలేదనే చెప్పాలి. అందుకే 1766లో మద్రాసు వారు నిజాం అలీతో వేరుగా సంధి చేసుకొని, ఏటా సొమ్ము చెల్లించడానికి ఒప్పుకోవలసివచ్చింది. గుంటూరు సర్కారు మాత్రం నిజాం సోదరుడు బసాలత్ జంగ్ చేతిలో, అతని తరువాత నిజాం చేతిలో ఉండిపోయి, 1788లో గాని కంపెనీకి దక్కలేదు. అప్పటికి క్లైవ్ మరణించి 14 ఏళ్లయింది.